రెండు ఓటములు, రెండు మందులు: బీఆర్‌ఎస్‌లో చర్చ ఎందుకు తెగడం లేదు?

క్లుప్తంగా: ఆరు నెలలు తిరగకముందే బీఆర్‌ఎస్ రెండు ఎన్నికల్లో ఓడింది. 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ కంటే దాదాపు 2 శాతం ఓట్లు తక్కువ వచ్చాయి. 2024 మే లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు. అప్పుడు పోయిన ఓటు ఎక్కువగా బీజేపీ ఖాతాలో తేలింది. మొదటి ఓటమికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు. టీఆర్‌ఎస్ నుంచి బీఆర్‌ఎస్‌గా పేరు మార్పు, బీజేపీతో దూరం, అధినేత కేసీఆర్ తర్వాత ఎవరు అనే మూడు తగాదాలకూ మూలం ఇదే. వీటిని తేల్చుకునే వేదిక పార్టీలో లేదు కాబట్టి చర్చ కేసీఆర్ కుమార్తె కవిత రాసి లీకైన ఉత్తరంగా, ఆమె సస్పెన్షన్‌గా బయటపడింది.

2 శాతం తేడా వెనుక

2018లో టీఆర్‌ఎస్‌గా పోటీ చేసినప్పుడు పార్టీకి 46.87 శాతం ఓట్లు, 88 సీట్లు వచ్చాయి. 2023లో బీఆర్‌ఎస్‌గా బరిలోకి దిగితే 37.35 శాతం, 39 సీట్లు. కాంగ్రెస్‌కు 39.40 శాతం, 64 సీట్లు. పదేళ్లు పాలించిన పార్టీకి ఇది చిత్తయిన ఓటమి కాదు. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ దక్కలేదు. పాత మెదక్ జిల్లాలో 10 సీట్లకు 7 బీఆర్‌ఎస్‌వే.

కానీ దక్షిణ తెలంగాణకు వస్తే లెక్క తిరగబడింది. పాత నల్గొండ జిల్లాలోని 12 సీట్లలో సూర్యాపేట ఒక్కటే మిగిలింది. ఖమ్మంలో 10కి భద్రాచలం ఒక్కటే. మహబూబ్‌నగర్‌లో 14కి గద్వాల, అలంపూర్ రెండే. ఓట్లు రాష్ట్రమంతా ఒకే తీరుగా తగ్గలేదు, కొన్ని జిల్లాల్లో గోడ కూలినట్లు కూలాయి. అందుకే 2 శాతం ఓట్ల తేడా 25 సీట్ల తేడాగా మారింది.

కారణాల గురించి పార్టీలో పెద్ద వివాదం లేదు. పోలింగ్‌కు నలభై రోజుల ముందు, అక్టోబరు 21న, కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాయి. ప్రభుత్వ ఉద్యోగాల నియామక సంస్థ టీఎస్‌పీఎస్సీ పేపర్ల లీకేజీతో నిరుద్యోగ యువతలో కోపం అప్పటికే ఉంది. భూ రికార్డుల ధరణి పోర్టల్‌లో పేరు తప్పుపడితే సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతు, రైతుబంధు పెట్టుబడి సాయం అందుకున్నా ఆ విసుగు మర్చిపోలేదు. రైతుబంధులో ఎకరాల పరిమితి లేదు, కౌలు రైతుకు వాటా లేదు. ఊళ్లో ఎక్కువ భూమి ఉన్నవాళ్లకు ఎక్కువ జమైతే, కౌలుకు దున్నేవాడు చూస్తూ ఉండిపోయాడు.

ఈ కోణంలో చూసే నాయకులు చెప్పేది ఒకటే. ఇది అధికార పార్టీపై వచ్చే మామూలు వ్యతిరేకత, కాంగ్రెస్ ఆరు గ్యారంటీల్లో ఎన్ని అమలవుతాయో జనం చూస్తారు, మనం క్యాడర్‌ను కాపాడుకుని కూర్చుంటే చాలు. పార్టీ కార్యాలయం తెలంగాణ భవన్‌లో ఈ వాదనకే బలం ఎక్కువ.

ఆరు నెలల్లో ఏం జరిగింది

ఈ వాదనకు గండి కొట్టింది 2024 లోక్‌సభ ఫలితం. బీఆర్‌ఎస్ ఓటు 37.35 నుంచి 16.68 శాతానికి పడిపోయింది. అంటే దాదాపు 20.7 శాతం పోయింది. అదే సమయంలో కాంగ్రెస్ 39.40 నుంచి 40.10కి కదిలింది, అంటే దాదాపు ఉన్నచోటే ఉంది. బీజేపీ 13.90 నుంచి 35.08కి ఎగబాకింది, పెరుగుదల 21 శాతం పైమాటే. ఎవరి ఓటు ఎవరికి వెళ్లిందో ఇలాంటి మొత్తాలు నిక్కచ్చిగా చెప్పలేవు. అయినా ఇంత దగ్గరగా సరిపోయే లెక్కను కాకతాళీయం అనుకోవడం కష్టం.

2004 నుంచి ఈ పార్టీ లోక్‌సభకు 5, 2, 11, 9 మందిని పంపింది. సున్నా రావడం 2024లోనే మొదలు. 17 సీట్లలో చాలా చోట్ల పోటీ కాంగ్రెస్, బీజేపీల మధ్యే సాగింది, పార్టీ గుర్తు కారు మూడో స్థానానికి జారింది.

దీనికి సగం కారణం లోక్‌సభ ఎన్నికల స్వభావంలోనే ఉంది. ఢిల్లీలో ఎవరు అనే ప్రశ్న ముందుకొచ్చినప్పుడు ప్రాంతీయ పార్టీకి చోటు ఇరుకవుతుంది. 2018 అసెంబ్లీలో 7 శాతం తెచ్చుకున్న బీజేపీ నాలుగు నెలల తర్వాత 2019 లోక్‌సభలో 19 శాతం దాటి 4 సీట్లు గెలిచింది. 16 సీట్లు గెలుస్తామంటూ "సారు, కారు, పదహారు" అని ఊరూరా తిరిగిన టీఆర్‌ఎస్ 9 దగ్గర ఆగింది. సూచన అప్పుడే వచ్చింది. అధికారంలో ఉండగా ఇలాంటి సూచనలు ఎవరికీ పెద్దగా వినపడవు.

మిగతా సగం 2024కే సొంతం. కవితను ఢిల్లీ మద్యం విధానం కేసులో మార్చి 15న ఈడీ అరెస్టు చేసింది, ఆమె ఆగస్టు 27 దాకా జైల్లో ఉన్నారు. సిట్టింగ్ ఎంపీలు కొందరు బీజేపీకి, కొందరు కాంగ్రెస్‌కు వెళ్లారు. కడియం శ్రీహరి కుమార్తె కావ్య వరంగల్‌లో బీఆర్‌ఎస్ టికెట్ వదులుకుని కాంగ్రెస్ నుంచి పోటీ చేసి గెలిచారు. బీజేపీకి లాభం చేకూర్చడానికే బీఆర్‌ఎస్ చేతులెత్తేసిందని కాంగ్రెస్ ఆరోపించింది, బీఆర్‌ఎస్ ఖండించింది. ఆరోపణలో నిజానిజాలు ఎలా ఉన్నా, పార్టీ సొంత ఓటరు బీజేపీని దగ్గరి ప్రత్యామ్నాయంగా చూశాడన్నది ఫలితంలో కనిపిస్తోంది.

చిక్కు ఇక్కడే ఉంది. మొదటి ఓటమిని చూస్తే శత్రువు కాంగ్రెస్, మందు ఓపిక. రెండోదాన్ని చూస్తే శత్రువు బీజేపీ, ఓపిక పడితే ఉన్న ఓటూ కరిగిపోతుంది. కాంగ్రెస్ మీద దాడి పెంచితే ప్రభుత్వ వ్యతిరేక ఓటు ఒకచోటికి చేరుతుంది, కానీ అది కారు దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. బీజేపీ మీద దాడి పెంచితే రాష్ట్రంలో కాంగ్రెస్‌కు ఊపిరి పోసినట్లవుతుంది.

ఎమ్మెల్యే చేతిలో పార్టీ

2024 జనవరిలో కేసీఆర్ కుమారుడు కేటీఆర్ లోక్‌సభ నియోజకవర్గాల వారీగా తెలంగాణ భవన్‌లో సమీక్షలు పెట్టారు. ఓటమి తర్వాత కింది స్థాయి క్యాడర్ మనసు విప్పిన సందర్భం అదే. పథకాలన్నీ ఎమ్మెల్యే చేతి మీదుగా నడిచాయని, ఉద్యమంలో తిరిగినవాళ్లకు పనుల్లో, పదవుల్లో చోటు దొరకలేదని అక్కడ మాట్లాడారు.

ఇది కొత్త ఫిర్యాదు కాదు. 2014 తర్వాత టీఆర్‌ఎస్ ఇతర పార్టీల ఎమ్మెల్యేలను పెద్ద ఎత్తున చేర్చుకుంది. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఒకేసారి విలీనమయ్యారు. అలా వచ్చిన ఎమ్మెల్యే తన మనుషులతో వస్తాడు. నిన్నటిదాకా అతని మీద కొట్లాడిన గులాబీ కార్యకర్త అదే ఊళ్లో అతని వెనుక నిలబడాల్సి వస్తుంది. గెలుస్తున్నంత కాలం ఈ అతుకు కనిపించదు.

టికెట్ల దగ్గర ఇది ఇంకా స్పష్టం. దళిత కుటుంబాలకు సాయం చేసే దళితబంధులో కొందరు ఎమ్మెల్యేలు డబ్బు తీసుకుంటున్నారని తనకు సమాచారం ఉందంటూ 2023 ఏప్రిల్‌లో కేసీఆరే పార్టీ సమావేశంలో హెచ్చరించారు. ఆగస్టు 21న 115 మందితో జాబితా ప్రకటిస్తే అందులో మార్చింది ఏడు స్థానాలే. ప్రభుత్వం మీద కంటే స్థానిక ఎమ్మెల్యే మీదే కోపం ఎక్కువ ఉన్నచోట ఈ నిర్ణయం ఖరీదైనదని పార్టీలో చాలామంది ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. అయితే సిట్టింగులను మార్చేస్తే గట్టెక్కేవాళ్లన్న గ్యారంటీ కూడా లేదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ పెద్ద సంఖ్యలో అభ్యర్థులను మార్చింది, కొందరిని పక్క నియోజకవర్గాలకు పంపింది. అక్కడ 151 సీట్లు 11 అయ్యాయి.

ఆ జాబితాతో ఇంకో నష్టం కూడా జరిగింది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో టీఆర్‌ఎస్ దాదాపు 10 వేల ఓట్లతో గెలిచింది, దానికి సీపీఐ, సీపీఎం మద్దతు తోడైంది. మరుసటి ఏడాది జాబితాలో వామపక్షాలకు చోటు ఉంచలేదు. సీపీఐ కాంగ్రెస్‌తో కలిసి కొత్తగూడెం గెలిచింది. 2 శాతంతో తేలిన ఎన్నికలో ఇలాంటి చిన్న ఓట్లకు విలువ ఎక్కువ.

ఎమ్మెల్యేల చేతిలో ఉన్న పార్టీకి అధికారం పోతే ఎమ్మెల్యేలే ముందు కదులుతారు. మాజీ స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి సహా పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారు. దానం నాగేందర్ అయితే బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ టికెట్‌పై సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. అనర్హత పిటిషన్లపై మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఫిరాయింపుల మీద బీఆర్‌ఎస్ వాదన చట్టం దగ్గర ఎంత బలమైనదైనా, జనం దగ్గర దానికి పెద్దగా పదును లేదు. 2019 ఎవరూ మర్చిపోలేదు.

పేరులోంచి పోయిన మాట

2022 అక్టోబరు 5, దసరా రోజున టీఆర్‌ఎస్ బీఆర్‌ఎస్ అయింది. డిసెంబరులో ఎన్నికల సంఘం ఆమోదించింది. జాతీయ రాజకీయాల్లోకి వెళ్లడానికి తెలంగాణ అన్న మాట అడ్డమనేది అప్పటి లెక్క. మహారాష్ట్రలో సభలు పెట్టారు, ఏపీలో శాఖ తెరిచారు. 2023 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఏపీలో పార్టీకి ఉన్న రాష్ట్ర పార్టీ గుర్తింపును ఉపసంహరించింది కూడా.

ఓటమి తర్వాత పాత పేరు తిరిగి పెట్టాలన్న మాట సమీక్షల్లోనే వినిపించింది. పేరు మారినందుకే ఓడామనడం అతి. గుర్తు మారలేదు, నాయకుడు మారలేదు. కారును పోలిన రోడ్డు రోలర్ లాంటి గుర్తులు తమ ఓట్లు చీలుస్తున్నాయని పార్టీ ఎన్నికల సంఘం దాకా వెళ్లిందంటే, ఊళ్లలో ఓటు పేరు కంటే గుర్తు చూసి పడుతుందని పార్టీకీ తెలుసు.

కానీ పేరు చేసే పని ఒకటుంది. తెలంగాణ అనే మాట పార్టీకి, ఇతర పార్టీలకు మధ్య గీతలా ఉండేది. కాంగ్రెస్, బీజేపీల హైకమాండ్లు ఢిల్లీలో ఉంటాయి, మాది ఇక్కడే అని చెప్పుకునే వీలు ఉండేది. ఆ గీతను పార్టీయే చెరుపుకున్నాక, ఢిల్లీని అడిగి నడుస్తారని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని విమర్శించినా మునుపటి గట్టితనం రాలేదు. ఏపీ ప్రతిపాదించిన పోలవరం–బనకచర్ల అనుసంధానం మీద 2025లో కేసీఆర్ మేనల్లుడు హరీశ్‌రావు చేసిన పోరాటం ఆ గీతను మళ్లీ గీసే ప్రయత్నమే. నీళ్ల విషయంలో పార్టీ మాట్లాడితే క్యాడర్‌లో కదలిక వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, నీళ్ల మాట ఎత్తగానే ఎదుటివాళ్లు కాళేశ్వరం పేరెత్తుతారు.

రాష్ట్రం వచ్చాక ఉద్యమ పార్టీలు

2001 ఏప్రిల్ 27న ఒకే లక్ష్యంతో పుట్టిన పార్టీ లక్ష్యం నెరవేరాక దేనికోసం ఉండాలి? ఈ ప్రశ్న తెలంగాణకే పరిమితం కాదు.

ఉత్తరాఖండ్ క్రాంతి దళ్ ప్రత్యేక రాష్ట్రం కోసమే పుట్టింది. 2000లో రాష్ట్రం వచ్చింది. 2002లో ఆ పార్టీకి 4 సీట్లు, 2007లో 3, 2012లో ఒకటి, ఆ తర్వాత ఏమీ లేదు. కాంగ్రెస్, బీజేపీల నడుమ అది నలిగిపోయింది. అసోం గణ పరిషత్ ఉద్యమం నుంచి నేరుగా 1985లో అధికారంలోకి వచ్చింది, 1996లో మరోసారి గెలిచింది. 2001లో ఓడాక చీలికలు, పొత్తులు దాటుకుంటూ చివరికి బీజేపీకి చిన్న భాగస్వామిగా మిగిలింది. అస్తిత్వం గురించి అది మాట్లాడిన మాటల్ని బీజేపీ తన భాషలో మాట్లాడటం మొదలుపెట్టాక, ఓటరుకు రెండు పార్టీల అవసరం కనిపించలేదు.

జార్ఖండ్ ముక్తి మోర్చా మాత్రం నిలబడింది. 2019లోనూ 2024లోనూ కూటమితో గెలిచి ప్రభుత్వం నడుపుతోంది. దానికి రాష్ట్రం అనే నినాదం కింద ఆదివాసీల మద్దతు గట్టి పునాదిగా ఉంది. ఒక ఎన్నికలో ఓడినా ఆ పునాది ఉన్నచోటే ఉంటుంది. దానికితోడు బీజేపీకి ఎదురు నిలవాలన్న విషయంలో ఇటీవలి కాలంలో ఆ పార్టీకి సందేహం లేదు.

బీఆర్‌ఎస్‌కు ఉత్తరాఖండ్ దళ్‌తో పోలిక సరిపోదు, బీఆర్‌ఎస్ రెండుసార్లు సొంతంగా పాలించిన పార్టీ. అసోం పోలిక దగ్గరిది. జార్ఖండ్ పోలికలో లోపించేది పునాది. టీఆర్‌ఎస్‌కు ఓటు అన్ని కులాల నుంచి, అన్ని జిల్లాల నుంచి వచ్చింది, అదే దాని బలం. ఏ ఒక్క వర్గమూ ఇది మా పార్టీ అని పట్టుకుని కూర్చోదు, ఓడినప్పుడు అదే బలహీనత. బీసీల ప్రశ్న ముందుకొచ్చిన ప్రతిసారీ పార్టీ తడబడటానికి ఇదే కారణం. రైతు పార్టీగా ఉండాలా, బీసీ పార్టీగా మారాలా అన్నది ఇంకా ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న.

బీజేపీ గురించి ఎంత మాట్లాడాలి

2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో రజతోత్సవ సభ జరిగింది. చాలా రోజుల తర్వాత కేసీఆర్ పెద్ద వేదిక ఎక్కారు. కాంగ్రెస్‌ను దుమ్మెత్తిపోశారు. బీజేపీ గురించి చాలా తక్కువ మాట్లాడారని, దానితో పొత్తు ఉంటుందేమోనన్న అనుమానం జనంలో వస్తోందని కవిత తండ్రికి రాసిన ఉత్తరం మే నెలలో బయటికొచ్చింది.

సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ఎన్‌డీఏ అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్, ప్రతిపక్ష అభ్యర్థి తెలంగాణవాసి జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. తెలంగాణ పార్టీకి ఇది తేలికైన నిర్ణయం కావాలి. కానీ సుదర్శన్‌రెడ్డికి వేస్తే కాంగ్రెస్ కూటమికి వేసినట్లు, రాధాకృష్ణన్‌కు వేస్తే కవిత ఉత్తరాన్ని నిజం చేసినట్లు. రాష్ట్రంలో యూరియా కొరతకు నిరసనగా ఓటింగ్‌కు దూరంగా ఉంటున్నామని పార్టీ ప్రకటించింది. యూరియా కొరత నిజమే, షాపుల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టిన రోజులవి. ఉపరాష్ట్రపతి ఎన్నికకు దానికి ఉన్న సంబంధం మాత్రం వెతుక్కోవాల్సిందే.

వేదిక లేని చోట చర్చ

బ్రిటన్‌లో లేబర్ పార్టీ 2019 డిసెంబరులో ఓడగానే జెరెమీ కార్బిన్ తప్పుకుంటానన్నారు. పార్టీ సభ్యుల ఓటుతో 2020 ఏప్రిల్‌లో కీర్ స్టార్మర్ వచ్చారు. దారి మార్పు ఆ ఎన్నికలోనే తేలింది, ఓడినవాళ్లకు నచ్చినా నచ్చకపోయినా. ఇక్కడ ప్రాంతీయ పార్టీల్లో అధ్యక్షుడి ఎన్నిక పేరుకే. దిశ గురించి అడగడమంటే అధినేతను అడగడమే, అధినేతను అడగడమంటే కుటుంబాన్ని అడగడమే.

కాబట్టి విధానం మీద మాట కూడా వారసత్వం మీద మాటలాగే వినపడుతుంది. కవిత ఉత్తరంలో బీజేపీ గురించి, బీసీల గురించి ఉన్న అంశాలు పక్కకు పోయాయి. ఉత్తరం ఎవరు లీక్ చేశారు, అన్నాచెల్లెళ్ల మధ్య ఏం జరుగుతోంది అన్నదే వార్త అయింది. పార్టీని బీజేపీలో కలిపే ప్రయత్నం జరిగిందని ఆమె ఆరోపించారు, పార్టీ తోసిపుచ్చింది. హరీశ్‌రావు, సంతోష్‌కుమార్‌లపై ఆమె బహిరంగంగా విమర్శలు చేశాక 2025 సెప్టెంబరు 2న సస్పెండ్ చేశారు. మరుసటి రోజే ఆమె పార్టీకి, ఎమ్మెల్సీ పదవికి రాజీనామా ప్రకటించారు. ఆమె లేవనెత్తిన ప్రశ్న మాత్రం జవాబు లేకుండానే పార్టీలో ఉండిపోయింది.

కేసీఆర్ ప్రతిపక్ష నేత. ఆయన అసెంబ్లీకి వచ్చిన రోజులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వర్కింగ్ ప్రెసిడెంట్‌గా కేటీఆర్, సభలో హరీశ్‌రావు రోజువారీ పోరాటం నడుపుతున్నారు. వీరిద్దరూ రోజూ ప్రభుత్వానికి జవాబివ్వగలరు. కానీ పేరు, పొత్తు, వారసుడు అనే మూడింటి మీదా చివరి మాట కేసీఆర్ ఉండే ఎర్రవల్లి ఫామ్‌హౌస్ నుంచే రావాలి.

పక్క రాష్ట్రం చూపే దారి

2019లో తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం, 11 సీట్లు. ఓటు శాతంలో రెండూ బీఆర్‌ఎస్ 2023 కంటే మెరుగే. సీట్లలో బీఆర్‌ఎస్సే నయం. 40 శాతం దగ్గర ఓడిన పార్టీ చచ్చిపోదు, ఇంకో 5 శాతం ఎక్కడి నుంచి తెస్తుందన్నదే ప్రశ్న. తెలుగుదేశం ఆ ఓటును జనసేన, బీజేపీలతో పొత్తులో వెతుక్కుంది. కూటమికి 175లో 164 వచ్చాయి. చంద్రబాబు అరెస్టు అయ్యాక 2023 సెప్టెంబరు 14న రాజమండ్రి జైలు బయట పవన్ కల్యాణ్ పొత్తు ప్రకటించడం అందులో మలుపు.

ఆ దారి బీఆర్‌ఎస్‌కు నకలు దొరకదు. తెలంగాణలో జనసేన లాంటి మూడో పార్టీ లేదు, మూడో స్థానంలో ఉన్నది బీజేపీయే. బీఎస్పీతో 2024 మార్చిలో కుదిరిన పొత్తు నిలబడలేదు, ఆ పార్టీ రాష్ట్ర నాయకుడు ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ బీఆర్‌ఎస్‌లోనే చేరారు. వామపక్షాలు కాంగ్రెస్ దగ్గరున్నాయి. మజ్లిస్ అధికారంలో ఉన్నవాళ్లతో సర్దుకుంటుంది. మిగిలిన ఒక్క పెద్ద పార్టీతో పొత్తంటే అసోం కథ గుర్తుకొస్తుంది.

రెండు ఎన్నికల మధ్య గడువు

2025 నవంబరు జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో బీఆర్‌ఎస్ తన సిట్టింగ్ సీటును కాంగ్రెస్‌కు 24 వేలకు పైగా ఓట్లతో కోల్పోయింది. హైదరాబాద్ తమ కోట అన్న నమ్మకానికి ఇది దెబ్బ. కానీ అదే ఫలితంలో బీజేపీకి డిపాజిట్ కూడా రాలేదు. ఓపిక పట్టాలనే వర్గం ఈ రెండో సంగతిని పట్టుకుంది. రాష్ట్ర ఎన్నికైతే పోటీ మనకూ కాంగ్రెస్‌కూ మధ్యే, బీజేపీ లోక్‌సభకే లేస్తుంది అని.

ఆ లెక్క ప్రకారం 2028 చివర్లో వచ్చే అసెంబ్లీ ఎన్నికలు మొదటి ఓటమికి జవాబు, 2029లో వచ్చే లోక్‌సభ ఎన్నికలు రెండోదానికి. అసెంబ్లీ గెలిచేదాకా బీజేపీ విషయం తేల్చకుండా నెట్టుకురావచ్చు. ఈ వీలు కూడా కేసీఆర్ చేతుల మీదుగా వచ్చిందే. 2014లో తెలంగాణలో రెండు ఎన్నికలూ ఒకే రోజు జరిగాయి. 2018 సెప్టెంబరు 6న ఆయన అసెంబ్లీని ముందే రద్దు చేసి రెండింటినీ విడదీశారు. అప్పుడు ఆ విడదీతతో 88 సీట్లు వచ్చాయి. ఇప్పుడు అదే విడదీత పార్టీకి 2028 దాకా గడువు ఇస్తోంది.